లీటరు నీటిలో ఎన్ని గ్రుడ్లు? సముద్రపు దోసకాయల పెంపకము చెప్పు చరిత్ర

మా కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక గాజు సీసా కలదు. అందులో ఫార్మలిన్ ద్రవమున జానెడు పొడవున్న బూడిదరంగు జంతువొకటి మునిగియున్నది. క్రొత్తగా వచ్చిన విద్యార్థులను ‘ఇదేమి?’ అని అడిగినచో ఒకరు ఎండిన కూరగాయ అందురు, ఒకరు పెద్ద జలగ అందురు. తలయు, కన్నులును, కాళ్లును కానరాని ఈ ప్రాణియే సముద్రపు దోసకాయ. సముద్రపు నక్షత్రము, సముద్రపు అర్చిన్ దీనికి దగ్గరి చుట్టములు. ఇవన్నియు కంటకచర్మ జీవుల వర్గమునకు చెందినవి.

ఇది కడలి అడుగున ఇసుకను, బురదను మ్రింగుచు, అందలి సేంద్రియ పదార్థమును జీర్ణించుకొని, శుభ్రమైన ఇసుకను వెలుపలికి విడుచుచు బ్రతుకును. పొలములో వానపాము చేయు పనినే ఇది సముద్రములో చేయుచున్నదని చెప్పవచ్చును. ఎవరికిని హాని చేయని ఈ మందకొడి ప్రాణి చరిత్రలో ఒక చిన్న ప్రశ్న పెద్ద స్థానము నాక్రమించినది. తొట్టిలోని నీటిలో దీని గ్రుడ్లను ఎన్ని ఉంచినచో చక్కగా పొదుగును? ప్రశ్న చూచుటకు లెక్కల పుస్తకము లోనిదివలె నున్నది. కాని ఒక జంతుజాతి మనుగడయు, వేలకొలది బెస్త కుటుంబముల జీవనమును దీనితో ముడిపడియున్నవి.

వర్తకము పెరిగిన విధము

చైనీయులు ఈ ప్రాణిని ‘హైషెన్’ అందురు. సముద్రపు జిన్సెంగ్ అని దీనికి అర్థము. జిన్సెంగ్ వేరు వారికి బలవర్ధకమైన ఔషధము. ఆ గుణమే దీనియందు కలదని నమ్మి, విందులలోను వైద్యములోను దీనికి గొప్ప స్థానమిచ్చిరి. చైనా తీరములో దొరకునది వారికి చాలలేదు. జపానువారు ఎండబెట్టిన సరుకును గడ్డి సంచులలో కట్టి నాగసాకి రేవునుండి పంపుచుండిరి. ఇప్పటి ఇండొనీసియాలోని మకాసర్ నావికులు ఋతుపవనముల ననుసరించి ఆస్ట్రేలియా ఉత్తర తీరమునకు పోయి, అచట నెలల తరబడి బసచేసి, సముద్రపు దోసకాయలను పట్టి, ఉడికించి, ఎండబెట్టి తెచ్చుచుండిరి. 1803వ సంవత్సరమున ఆంగ్ల నావికుడు మాథ్యూ ఫ్లిండర్స్ ఆ తీరమున వారి పడవలను కలిసికొని, ఆ వివరములను తన గ్రంథమున వ్రాసెను. ఈ రాకపోకలు 1907వ సంవత్సరముతో ముగిసినవి.

మన దేశములో ఈ వర్తకము మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతముల తీరమున వెలసెను. రామేశ్వరము, మండపము, తూత్తుకుడి ప్రాంతముల బెస్తలు దీనిని ‘కడల్ అట్టై’ అందురు. అనగా సముద్రపు జలగ. పట్టిన జంతువుల ప్రేగులను తీసివేసి, ఉడికించి, తడి ఇసుకలో పాతిపెట్టి, పైపొరను తోమి, ఎండలో ఆరబెట్టుదురు. మద్రాసు రాజధాని మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1917లో ఈ పరిశ్రమ చరిత్రను గురించి వివరముగా ఒక నివేదిక ప్రచురించెను. ఈ వర్తకమున మిక్కిలి విలువైనది, 1833లో యేగర్ అను శాస్త్రజ్ఞుడు నామకరణము చేసిన ‘హోలోతూరియా స్కాబ్రా’ జాతి. దీనినే ఇసుక దోసకాయ అని పిలుచుకొందము.

ఈ జంతువును పట్టుటకు వలయు నేర్పు స్వల్పము. అది పరుగెత్తదు, దాగదు, కరవదు. లోతు తక్కువ నీటిలో చేతితో ఏరుకొనవచ్చును. కావున ధర పెరిగినకొలదియు తీరమువెంబడి జంతువులు తరిగినవి. తరిగినకొలదియు ధర మరింత పెరిగినది. చిన్నవానిని కాపాడవలెనని తలచి భారత ప్రభుత్వము 1982లో మూడంగుళములకు తక్కువైన ఎండు సరుకు ఎగుమతిని నిషేధించెను. కాని పట్టినవాడు కొలుచునప్పటికే జంతువు చచ్చియుండును గదా! అందుచే అందరి చూపును రెండవ మార్గముపై నిలిచెను. చేపవలె, రొయ్యవలె దీనిని కూడ తొట్టిలో పొదిగించి పెంచరాదా?

పొదిగించు ప్రయత్నములు

ఈ ప్రాణి పిల్లదశలు తల్లిని ఏమాత్రమును పోలియుండవు. 19వ శతాబ్దము నడుమ జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహాన్నెస్ మ్యూలర్ సన్నని వలతో సముద్రజలమును వడగట్టి, సూక్ష్మదర్శినిలో చూచి, గాజువలె పారదర్శకమైన అనేక చిన్న జీవులను వర్ణించెను. వానిలో చెవి ఆకారముగల ఒక దానికి ‘ఆరిక్యులేరియా’ అని పేరిడెను. లాటిన్ భాషలో ఆ మాటకు చిన్న చెవి యని భావము. అది సముద్రపు దోసకాయ డింభకము. పిల్లదశ రూపము తెలియుటకే ఇంత కాలము పట్టెను. పెంచుటకు మరి తొంబది సంవత్సరములు పట్టెను.

జపానులో ఇనాబా 1937లో తమ దేశపు జాతిని కృత్రిమముగా పెంచు ప్రయత్నమును గూర్చి ప్రచురించెను. 1950లో ఇమాయి, ఆయన సహచరులు డింభకములకు సూక్ష్మజీవులను మేతగా నిచ్చి ముందుకు సాగిరి. చైనా శాస్త్రజ్ఞులు 1950 దశకమున ఈ పని ప్రారంభించిరి. అందరికిని మొదట అడ్డుపడినది గ్రుడ్డే. ఆడజంతువును కోసి అండాశయమునుండి తీసిన గ్రుడ్లలో అధిక భాగము పక్వము కానివి. వానికి శుక్రకణములు తగిలినను ఫలదీకరణము జరుగదు. జంతువు తనంత తాను విడిచిన గ్రుడ్లే పనికివచ్చును. దానిని విడిపించుట ఎట్లు?

నీటి ఉష్ణమును హఠాత్తుగా మూడు నాలుగు డిగ్రీలు పెంచినచో పక్వమైన జంతువులు ఉత్తేజము పొందునని అనుభవముచే తెలిసెను. ముందుగా మగవి శరీరపు ముందుభాగమును పైకెత్తి, అటునిటు ఊపుచు, తెల్లని దారమువలె శుక్రద్రవమును విడుచును. నీటిలో అది కలిసిన పిమ్మట ఆడవి కదలి, ఒక్క ఊపున గ్రుడ్లను చిమ్మును. ఈ తల ఊపుటను జపానీయులు ‘కుబిఫురి’ అందురు. 2009లో జపాను శాస్త్రజ్ఞులు తమ దేశపు జాతి నాడీమండలమునుండి గ్రుడ్లను పక్వపరచి విడిపించు పదార్థమును వేరుచేసినపుడు, ఈ మాటనుబట్టియే దానికి ‘కుబిఫ్రిన్’ అని పేరు పెట్టిరి.

చైనాలో 1980 దశకము నడుమ పొదిగించు పద్ధతులు విరివిగా పిల్లలను ఉత్పత్తి చేయగల స్థితికి వచ్చెను. 1993లో అచటి రొయ్యల చెరువులను తెగులు పాడుచేయగా, ఖాళీపడిన అనేక చెరువులలో రైతులు సముద్రపు దోసకాయలను పెంచసాగిరి. నెల్లూరు తీరమున 1994-95లో తెల్లమచ్చల తెగులు చూచిన మన రొయ్యల రైతులకు ఆ కష్టము విడమరచి చెప్పనక్కరలేదు. నేడు చైనా పెంపకపు ఉత్పత్తి ఏటా రెండు లక్షల టన్నులకు మించియున్నది.

తూత్తుకుడిలో 1988

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో స్థాపింపబడినది. దాని తూత్తుకుడి కేంద్రమున డి. బి. జేమ్స్, ఆయన సహచరులు 1988లో ఇసుక దోసకాయచేత గ్రుడ్లు పెట్టించి, డింభకములను పెంచి, పిల్లలను సాధించిరి. మన దేశములో ఇది ప్రథమ విజయము. మన చేపల శాస్త్రములో దీనికి పోల్చదగినది 1957 జూలై 10వ తేదీన హీరాలాల్ చౌదరి ఒరిస్సాలో మంచినీటి గండుచేపలచేత పీయూష గ్రంథి రసముతో గ్రుడ్లు పెట్టించిన ఘటన. ఆ విజయము కొల్లేటి ప్రాంతపు చేపల చెరువులవరకు వ్యాపించి ఊళ్ల బ్రతుకును మార్చెను. తూత్తుకుడి విజయము అట్లు వ్యాపింపలేదు. ఏల వ్యాపింపలేదో ముందు తెలిసికొందము.

ఇసుక దోసకాయ గ్రుడ్డు గుండ్రముగా, తెల్లగా, మిల్లీమీటరులో అయిదవవంతు వ్యాసముతో నుండును. ఒక ఆడజంతువు ఒక పర్యాయము పది లక్షల గ్రుడ్లనైనను విడువగలదు. ఫలదీకరణము పిమ్మట కణవిభజన వేగముగా సాగును. కొన్ని గంటలలోనే పిండము శైలికలతో గిరగిర తిరుగుచు పొరను చీల్చుకొని వెలుపలికి వచ్చును. దీనినే పొదుగుట అందుము. ఇరువదినాలుగు గంటలకు అది గాస్ట్రులా దశను, నలుబదియెనిమిది గంటలకు ఆరిక్యులేరియా దశను చేరును.

పది లక్షల గ్రుడ్లు చేతికి వచ్చిన క్షణముననే మన ప్రశ్న ఎదుట నిలుచును. మిల్లీలీటరుకు ఒక గ్రుడ్డు చొప్పున ఉంచినచో వేయి లీటర్ల నీరు కావలెను. పది చొప్పున ఉంచినచో నూరు లీటర్లు చాలును. సముద్రజలమును తోడి, వడగట్టి, శుభ్రపరచి, నిలువ ఉంచుట ఖర్చుతో కూడిన పని. కావున ఎవరికైనను చిన్న తొట్టిలో ఎక్కువ గ్రుడ్లు ఉంచవలెనను ఆశ పుట్టుట సహజము.

గ్రుడ్లు క్రిక్కిరిసినచో ఏమగును?

మన రైతునకు ఈ సంగతి నారుమడిలో తెలిసినదే. విత్తనము మరీ దట్టముగా చల్లినచో మొలకలు ఒకదానినొకటి అణచి, సన్నగిల్లి, పసుపు తిరుగును. గ్రుడ్ల విషయమున కారణములు ఇంకను సూక్ష్మమైనవి.

మొదటిది, ఈ గ్రుడ్లు సముద్రజలముకంటె కొంచెము బరువైనవి. నిలకడ నీటిలో మెల్లగా దిగి అడుగున చేరును. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతుగల తొట్టిని ఊహింపుడు. అందు వేయి లీటర్ల నీరు, అనగా పది లక్షల మిల్లీలీటర్లు పట్టును. అడుగు వైశాల్యము పది లక్షల చదరపు మిల్లీమీటర్లు. గ్రుడ్డు వ్యాసము 0.2 మిల్లీమీటరు గనుక, వరుసలుగా పేర్చినచో ఒక్కొక్కదానికి 0.04 చదరపు మిల్లీమీటరు స్థలము కావలెను. మిల్లీలీటరుకు ఒక గ్రుడ్డు చొప్పున ఉన్నచో అవి అన్నియు కలిసి అడుగులో నూటికి నాలుగు వంతులు మాత్రమే ఆక్రమించును. ఇరువదియైదు చొప్పున ఉన్నచో అడుగంతయు ఒక పొర నిండును. ఏబది అయినచో రెండు పొరలు! నీటి కదలికచే గ్రుడ్లు మూలలకు కొట్టుకొనిపోవును గనుక, వాస్తవమున కుప్పలు అంతకు చాల ముందే ఏర్పడును.

రెండవది, ప్రాణవాయువు. పిండము శ్వాసించుచుండును. వెచ్చని సముద్రజలమున లీటరుకు సుమారు ఆరు మిల్లీగ్రాముల ప్రాణవాయువు మాత్రమే కరగియుండును. తొట్టి మొత్తమున అది చాలినంత ఉండవచ్చును. కాని కుప్ప నడుమనున్న గ్రుడ్డు చుట్టు నున్న పలుచని నీటిపొరలో అది త్వరగా తరుగును. కదలని నీటిలో ప్రాణవాయువు విసరణముచే చేరుటకు చాల సమయము పట్టును. అందుచే తొట్టికి గాలి గొట్టము పెట్టినను కుప్ప అడుగున ఊపిరాడని స్థితి ఏర్పడును.

మూడవది, విసర్జనములు. పిండములు విడుచు అమోనియా అదే స్థలమున పోగుపడును. నాల్గవది అన్నిటికంటె ప్రమాదకరమైనది. ప్రతి కాన్పులోను కొన్ని గ్రుడ్లు ఫలదీకరణము కాకుండ మిగులును. అవి కుళ్లును. వానిపై సూక్ష్మజీవులు వృద్ధియై ప్రక్కనున్న మంచి గ్రుడ్లను కూడ పట్టును. పలుచగా నున్నపుడు ఒక చెడిన గ్రుడ్డు తానొక్కటియే నశించును. దట్టముగా నున్నపుడు అది ఊరందరిని చెరచును.

దీనికి శుక్రకణముల సమస్య తోడగును. అవి ఎక్కువైనచో ఒకే గ్రుడ్డులోనికి ఒకటికి మించి ప్రవేశించి పిండము వికృతమగును. మిగిలినవి చచ్చి నీటిని చెడగొట్టును. కావుననే మగవి కొంత ద్రవము విడిచిన పిదప వానిని తొట్టినుండి తీసివేయుదురు. గ్రుడ్లకంటె చిన్న కన్నులుగల జల్లెడపై గ్రుడ్లను నిలిపి, శుభ్రమైన సముద్రజలముతో మెల్లగా కడిగిన మీదటనే పొదుగు తొట్టిలో వేయుదురు.

ఇచట ఒక తెలివైన విద్యార్థి ఇట్లు అడుగవచ్చును: ‘అయ్యా, మిల్లీలీటరుకు ఒక గ్రుడ్డు వేసి నూటికి ఎనుబది పొదిగినచో 0.8 డింభకము వచ్చును. పది వేసి నూటికి ముప్పది మాత్రమే పొదిగినను మూడు డింభకములు వచ్చును గదా! దట్టముగా వేయుటయే లాభము కాదా?’ ఇవి ఊహించిన అంకెలే యైనను ప్రశ్న మంచిది. సమాధానము మూడు భాగములు. దట్టపు తొట్టిలో మిగిలిన డింభకములలో వంకరవి, ఎదుగుదల వెనుకబడినవి ఎక్కువ. అవి ఉన్న నీరు అప్పటికే సూక్ష్మజీవులతో నిండియుండును. నశించిన ఏడు గ్రుడ్లును తల్లిజంతువు ఎన్నో నెలలు కూడబెట్టిన సంపద. ఆ తల్లిని మనము సముద్రమునుండి తెచ్చితిమి. నీటిని పొదుపు చేయబోయి అంతకంటె విలువైన దానిని ఖర్చుచేయుట లాభము కాదు.

అందుచే ఇసుక దోసకాయ గ్రుడ్లను సాధారణముగా మిల్లీలీటరుకు ఒకటి, లేదా అంతకు తక్కువ చొప్పున ఉంచుట వాడుకైనది. చైనాలో నీటిని మెల్లగా కలుపుచుండుటచే కుప్పపడనీయక ఇంకను దట్టముగా ఉంచు పద్ధతియు కలదు. 2010లో చైనా శాస్త్రజ్ఞులు జపాను జాతిలోని ఎర్రరకముపై ఉంచు సంఖ్య, ఉష్ణము, లవణీయత అను మూడింటి ప్రభావమును ప్రయోగముల ద్వారా పరిశీలించి ప్రచురించిరి. అనుభవజ్ఞుని కంటి అంచనా క్రమముగా కొలతగా మారిన విధమిది.

డింభకములకు ఇంకను చోటు కావలెను

పొదిగిన మీదట లెక్క మరల మారును. గ్రుడ్డునకు మేత అక్కరలేదు, డింభకమునకు కావలెను. అది ఈదును, సూక్ష్మమైన శైవలములను తినును, కొలది దినములలోనే అనేక రెట్లు పెరుగును. తూత్తుకుడి పద్ధతిలో లీటరుకు 300 మొదలు 700 వరకు డింభకములను ఉంచిరి. అనగా మిల్లీలీటరుకు ఒకటికంటెను తక్కువ. అంతకు మించినచో అవి ఒకదానినొకటి తగులుకొని ఉండలు కట్టి అడుగున పడి నశించును. సుమారు రెండు వారములకు అవి పీపావంటి డోలియోలేరియా రూపమును, పిదప అయిదు స్పర్శకములుగల పెంటాక్టులా రూపమును దాల్చి, అడుగున స్థిరపడును. ఇన్ని గండములు గడచి పిల్లలుగా మిగులునవి నూటికి కొన్ని మాత్రమే.

ఆ కేంద్రముననే ఆషా, ముత్తయ్య అను శాస్త్రజ్ఞులు ‘హోలోతూరియా స్పైనిఫెరా’ అను మరియొక జాతిని పొదిగించి 2002లోను, దాని డింభకములపై ఉష్ణము, లవణీయత, పి.హెచ్.ల ప్రభావమును పరిశీలించి 2005లోను ఫలితములను ప్రకటించిరి.

సముద్రములో తారుమారైన లెక్క

ఇప్పుడు విడిచిన ప్రశ్నకు వత్తము. తూత్తుకుడి విద్య ఊరూర వ్యాపింపలేదేల? పొదిగించు విద్య చిన్న తొట్టెలలో ఎదుగుచుండగా, వెలుపల పట్టుట ఆగలేదు. తుదకు 2001లో భారత ప్రభుత్వము సముద్రపు దోసకాయలన్నింటిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చెను. నాటినుండి వానిని పట్టుటయు, అమ్ముటయు నేరము. ఏనుగునకు, పులికి గల రక్షణయే ఈ ప్రాణికిని లభించెను. తరతరములుగా దీనిపై బ్రతికిన బెస్తలు ఉపాధి కోల్పోయిరి. దొంగ రవాణా బయలుదేరెను. పాక్ జలసంధి ఆవలి ఒడ్డున, శ్రీలంకలో, అనుమతితో పట్టుటయు, మడులలో పెంచుటయు సాగుచున్నవి. ఒకే సముద్రము, రెండు చట్టములు. 2020లో లక్షద్వీపములలో 239 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును సముద్రపు దోసకాయల సంరక్షణకు కేటాయించిరి.

నిషేధము కఠినమని కొందరు, అవసరమని కొందరు వాదింతురు. ఇందు జీవశాస్త్రము చెప్పు ఒక మాటను మాత్రము మరువరాదు. సముద్రమున ఆడ మగ జంతువులు కలియవు. ఎవరి బీజములను వారు నీటిలో విడుచును. అవి నీటిలోనే కలియవలెను. శుక్రకణములు కొద్ది దూరము పోవునంతలోనే విశాలమైన నీటిలో పలుచబడిపోవును. జంతువులు దగ్గరగా ఉన్నపుడే ఫలదీకరణము జరుగును. మనుష్యుడు ఏరగా మిగిలిన జంతువులు దూరదూరముగా ఉన్నచో, అవి బ్రతికియున్నను, గ్రుడ్లు విడిచినను సంతానము కలుగదు. తొట్టిలో గ్రుడ్లు దట్టమగుట ప్రమాదము. సముద్రములో తల్లిదండ్రులు పలుచనగుట ప్రమాదము. రెండును ఒకే శాస్త్రమునకు రెండు ముఖములు. ఈ రెండవ ప్రమాదమును లెక్కచేయనందువలననే మొదటి విద్యను నేర్చుకొనవలసిన అగత్యము మనకు కలిగెను.

పాఠశాలలో చేయదగిన ప్రయోగము

పొదుగు తొట్టిలోని గ్రుడ్లను ఎవరును ఒక్కొక్కటిగా లెక్కింపరు. పది లీటర్ల బకెట్టులో గ్రుడ్లను ఉంచి, నీటిని మెల్లగా కలిపి, ఒక్కొక్క మిల్లీలీటరు చొప్పున మూడుమార్లు తీసి లెక్కింతురు. 38, 42, 40 వచ్చినవనుకొందము. సగటు 40. బకెట్టులో 10,000 మిల్లీలీటర్లు గనుక మొత్తము 4 లక్షల గ్రుడ్లు. మిల్లీలీటరుకు అర చొప్పున ఉంచవలెనన్నచో 800 లీటర్ల నీరు కావలెను. మన తీరపు రొయ్యపిల్లల కేంద్రములలోను లెక్కించు పద్ధతి ఇదే.

ఉపాధ్యాయులు దీనిని రాగులతో చేయించవచ్చును. ఒక గిన్నెడు రాగులను ముందుగా లెక్కించి బకెట్టు నీటిలో వేయవలెను. గింజలు మునుగునట్లు కొంతసేపు నాననిచ్చి, ఒక జట్టు విద్యార్థులు నీటిని కలుపకుండ పైనుండి చిన్న గ్లాసుతో నమూనా తీయవలెను. రెండవ జట్టు అదే గ్లాసుతో అడుగునుండి. మూడవ జట్టు బాగుగా కలుపుచుండగా. ముగ్గురు చెప్పు మొత్తములను అసలు సంఖ్యతో పోల్చి చూచినచో, కలుపని నీటినుండి తీసిన లెక్క ఎంత మోసపుచ్చునో పిల్లలకు వెంటనే బోధపడును.

ఆ గింజలు అడుగున ఎచట కుప్పపడినవో కూడ వారిచేత చూపింపుడు. మా ప్రయోగశాలలోని సీసాను నేనిప్పుడు ఈ ప్రయోగము ముగిసిన తరువాతనే విద్యార్థులకు చూపుచున్నాను. అప్పుడు దానిని కూరగాయ అని ఎవరును అనుట లేదు.